పడినా జారని టోపీ

మా వెనకింట్లో కిరాయికుండే చాచా ఒకప్పుడు బొంబాయిలో హిందీ సినిమాల్లో నవ్వించేవాడు. పడటమే ఆయన పని. మెట్ల మీంచి పడినా, గుర్రం మీంచి పడినా తలమీది టోపీ మాత్రం జారేది కాదు. ఎనభైల్లో కొత్తకోటకు తిరిగొచ్చాక కూడా ఆ టోపీ తీయలేదు.

ఒకసారి మా ఊరి దొర తన ఇంట్లో పెళ్లికి చాచాను పిలిచాడు. భోజనాలయ్యాక అందరి ముందూ, "ఏమోయ్, జర పడి చూపియ్. చుట్టాలు నవ్వుకుంటరు," అన్నాడు.

చాచా కదల్లేదు. "సినిమాల పడితే నటన అన్నరు దొరా. నీ వాకిట్ల పడితే కాళ్లు మొక్కిన అంటరు. నేను పడ," అని టోపీ సవరించుకుని వచ్చేశాడు.

చాచాను ఇల్లు ఖాళీ చేయించమని మర్నాడే దొర దగ్గర్నుంచి ఇంటి యజమాని అయిన మా బాపుకు కబురొచ్చింది. బాపు వినలేదు.

కొన్నేళ్లకు చాచా బస్టాండులో నిజంగానే కాలు జారి పడ్డాడు. జనం అయ్యో అయ్యో అంటూ మూగారు. నేను లేపబోతే చెయ్యి విదిలించాడు. టోపీ తలమీదే ఉంది.

"అయ్యో ఏంది? బొంబాయిల పడితే ఒక్కడన్న అయ్యో అన్నడా?" అని అందరినీ కసిరాడు. "ముందుగాల నవ్వుండ్రి. లేసుడు నేను లేస్త."