వరదమ్మ చదవని నాలుగు వరుసలు

సీతారామపురం కొండల కింద పుట్టిన వరదమ్మకు ఐదో తరగతి వరకే చదువు. అదైనా మిషన్ బళ్లో, వాళ్ల నాయన చెవి పట్టుకుని కూర్చోబెడితే అబ్బింది. మూడేళ్లు వరసగా చేను ఎండిపోయి, తొంభై ఒకటిలో మస్కట్‌కు ఇంటిపనికి పోయాక ఆ ఐదు తరగతులకే గిరాకీ పుట్టింది. మన వైపు నుంచి అక్కడికి పోయిన ఆడవాళ్లలో అక్షరం ముక్క తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్క. ఊరినుంచి జాబు వస్తే శుక్రవారం చర్చి వరండాలో వరదమ్మ చేతిలో పెట్టాల్సిందే. ఆమె గొంతెత్తి, బైబిలు చదివినట్టే ఒత్తులతో సహా చదివేది. రాసినవాళ్లు తిట్టిన చోట తిట్టేది, బతిమాలిన చోట బతిమాలేది. ఇంటి గుట్టు తెలిసిందిగదా, ఇంకొకరి దగ్గర నోరు జారేదా అంటే, జారేది కాదు.

అనంతసాగరం వైపు చెంచమ్మ మాత్రం ఆ చర్చికి దేవుడి కోసం వచ్చేది కాదు. చర్చికి అంటేనే ఆమె పనిచేసే ఇంటి మేడమ్ గేటు దాటనిచ్చేది. నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుని చివరి బెంచీలో కూర్చుని, పాటలకు తలూపి, పాట అయిపోతూనే జాబు తీసుకుని వరండాలోకి వచ్చేది. ఆమె మొగుడు ఆదెయ్య సోమశిల నీళ్లలో చేపలు పట్టేవాడు. మూడు నెలలకొకసారి ఎవరిచేతనో జాబు రాయించేవాడు.

తొంభై నాలుగు నవంబరులో వచ్చిన జాబు ఆదెయ్యది కాదు. అతని తమ్ముడు మునెయ్య రాయించింది. వరదమ్మ చదువుతూ ఉంది. వానలు పడ్డాయి, బర్రె ఈనింది, అన్నకు కామెర్లు ముదిరితే ఆత్మకూరు ఆస్పత్రికి తీసుకుపోయాము... కింద ఇంకా నాలుగు వరుసలున్నాయి. నోటికంటే ముందు కళ్లు చదివేశాయి. ఆదెయ్య పోయాడు. దినాలు కూడా అయిపోయాయి. గేటు బయట, చెంచమ్మను తీసుకుపోను వచ్చిన మేడమ్ డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడం లేదు.

"ఏందక్కా ఆగినావు? ఎట్లుండాడంట?"

"తగ్గుముఖం పట్టిందంట," అంది వరదమ్మ. జాబు మడిచి తన సంచిలోనే వేసుకుంది. చెంచమ్మ నవ్వుకుంటూ కారు దగ్గరికి పరుగెత్తింది.

ఎందుకట్లా చెప్పావే తల్లీ అంటే, వరదమ్మ దగ్గర జవాబు ఉంది. ఆ ఇంట్లో గట్టిగా దగ్గితేనే మేడమ్ వచ్చి తలుపు కొడుతుంది. మొగుడు పోయిన మనిషి గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడవాలా? గుండెలు బాదుకునే చోటు లేని చోట ఆ మాట ఎట్లా చెప్పేది? మస్కట్ ఆస్పత్రిలో ఆయాగా చేసే చేజర్ల సుధారాణికి సంగతి చెబితే ఆ పిల్ల ఉపాయం చెప్పింది.

"వచ్చే శుక్రవారం సముద్రం పక్కన రాళ్లదారి పట్టి పోదాం అక్కా. గుట్ట దాటితే అవతల ఒడ్డున నరమానవుడు ఉండడు. ఆడ ఎంత ఏడ్చినా ఎవురూ అడగరు."

చర్చిలో పండగని చెప్పి రోజంతా సెలవు అడిగారు. పులుసన్నం మూట కట్టుకుని ముగ్గురూ బయల్దేరారు. ఒకవైపు గుట్ట, ఒకవైపు నీళ్లు, మధ్యలో మేకలు నడిచేటంత దారి. వరదమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని ఉదయగిరి దుర్గం ఎక్కినట్టే ఎక్కేసింది. సుధారాణి రెండు అడుగులకొకసారి కూలబడింది.

"చేజర్ల కాలవగట్టు మీద నడిచే కాళ్లు గదా, రాళ్లంటే ఏం తెలుస్తాదిలే!" అని చెంచమ్మ ఎగతాళి చేసింది. ఆ రోజు అందరికంటే సంబరంగా ఉంది ఆమె. దారిలో ఎవరో ఆరేసిన వల కనబడితే వంగి కన్ను కన్నూ తడిమింది. "ఎంత సన్నటి దారమో చూడక్కా. మాయన చూసినాడంటే ఇంటికే రాడింక. నేను పోయేటప్పుడు నాలుగు కండెలు కొనుక్కోని పోతా."

సుధారాణి మొహం తిప్పుకుంది. వరదమ్మ ముందుకు నడిచింది.

అవతల ఒడ్డుకు చేరాక వరదమ్మ సంచిలోంచి కాగితం తీసింది.

"ఇంకో జాబు వచ్చిందా?"

"ఆ జాబేనమ్మా. నేను కడదాకా చదవలా."

మొదటినుంచీ చదివింది. ఈసారి ఆ నాలుగు వరుసలు కూడా.

చెంచమ్మ కాసేపు ఆమె నోటివైపే చూసింది. తర్వాత పెట్టిన కేకకు గుట్టమీది పక్షులు లేచిపోయాయి. ఇసుకలో పడి దొర్లింది. మొగుడితో పోట్లాడిన రోజులు, అతను పెట్టిన చేపలపులుసు, బిడ్డను భుజానెత్తుకుని తిరిగింది, అన్నీ పేరుపేరునా చెప్పుకుని ఏడ్చింది. మిగతా ఇద్దరూ చెరో చెయ్యీ పట్టుకుని ఆమెతో ఏడ్చారు. ఎవరూ రాలేదు. ఎవరూ అడగలేదు. అనుకున్నట్టే జరిగింది.

గొంతు పోయాక చెంచమ్మ లేచి కూర్చుంది.

"నీకు ఎప్పుడు తెల్సక్కా?"

"పోయిన శుక్రవారమే."

"వారం రోజులా?" అరచేతులు చాచింది. రెండూ ఎర్రగా ఉన్నాయి. "నిన్న మేడమ్ కూతురు గోరింటాకు పెట్టింది. తగ్గింది గదా అని నవ్వుకుంటా పెట్టించుకున్నా. వాడు మట్టిలో ఉంటే నేను చేతులు పండించుకున్నా."

"నువ్వు ఆ ఇంట్లో ఎట్ల తట్టుకుంటావోననే తల్లీ..."

"మా అమ్మ పోయిన జాబు నువ్వే చదివినావు. నొప్పి లేకుండా నిద్రలోనే పోయిందన్నావు. బిడ్డ నన్ను తలుచుకోని అన్నం తిన్లేదని చదివినావు. దాంట్లో రాసింది ఏంది, నువ్వు చెప్పింది ఏంది? నాకెట్ల తెల్సేది?"

"దేవుని సాక్షిగా చెప్తుండా, ఇదొక్కటే చెంచమ్మా."

"ఇదొక్కటే అని కూడా నువ్వే చెప్పాల గదా."

వరదమ్మ ఆ జాబు మడిచి చెంచమ్మ చేతిలో పెట్టింది. పులుసన్నం మూట విప్పకుండానే తిరుగుదారి పట్టారు. చెంచమ్మ ముందు నడిచింది. ఆరింటికి కారు వచ్చేలోపల సముద్రపు నీళ్లతోనే మొహం కడుక్కుంది.

ఆ తర్వాత చెంచమ్మ వరండాలోకి రాలేదు. వచ్చిన జాబులు చించకుండా పెట్టెలో పడేసేదని సుధారాణి చెప్పింది. తొంభై ఆరులో ఊరికి పోయింది. మరుసటేడు వరదమ్మ కూడా తిరిగొచ్చింది. ఆత్మకూరులో రిటైరైన టీచరు ఆదినారాయణ సారు కనబడి ఒక సంగతి చెప్పాడు.

"చెంచమ్మ మూటెడు జాబులు తెచ్చిందమ్మా. నువ్వు చదివినవి ఒక్కోటి నాకిచ్చి, దాంట్లో ఏముండాదో ముందు తనే అప్పజెప్పేది. తర్వాత నన్ను చదవమనేది. నువ్వు చదివింది పొల్లుపోకుండా గుర్తుపెట్టుకోనుండాది. ఆ కడపటిది తప్ప అన్నీ సరిపోయినాయి."

"ఏమన్నా అనిందా సారూ?"

"ఏమనలా. అమ్మ జాబు మాత్రం రెండుసార్లు చదివించుకుంది."

ఆ మాట పట్టుకుని వరదమ్మ సంత రోజున వెతుక్కుంటూ పోయింది. చెంచమ్మ చేపల గంప ముందు కూర్చుని ఉంది. నుదురు బోసిగా ఉంది.

"బాగుండావా అక్కా?"

"ఉండాను. పాప ఎట్లుండాది?"

"అంజలి ఏడో తరగతి చదువుతుండాది. ఇప్పుడు ఏ కాగితం వచ్చినా అదే చదువుతాది. నా పక్కన కూర్చోని, వేలు పెట్టి చూపించి మరీ చదువుతాది."

"మంచిదమ్మా," అంది వరదమ్మ. ఇంకేమన్నా అంటుందేమోనని కాసేపు నిలబడింది. ఇంకో బేరం వచ్చింది. చెంచమ్మ చేప తీసి పొలుసు గీకసాగింది.