వకీళ్లకు మార్కులు వేసిన పది రోజులు

ఆ రోజుల్లో డైరీలో గడులు గీసి పోల్చి చూడనిదే నేను గొడుగు కూడా కొనేవాణ్ణి కాదు. ఈ మధ్య లా చదివిన మా మనవరాలు కెనడాలో ఉద్యోగానికి దరఖాస్తు పెడుతూ, టొరంటో, క్యాల్గరీ, వాంకూవర్‌లలో కంపెనీల కేసులు చూసే పెద్ద పెద్ద వకీళ్ల సంస్థలను పోల్చి ఒక పట్టిక పంపింది. ఎక్కడ బ్యాంకుల పని ఎక్కువ, ఎక్కడ చమురు కంపెనీల పని ఎక్కువ, అన్నీ గడుల్లో ఉన్నాయి. (ఈ జబ్బు ఎవరి నుంచి వచ్చిందని ఇంట్లో ఎవరూ అడగలేదు.) నాకు మాత్రం ఇరవై రెండేళ్ల వయసులో కామారెడ్డి, ఎల్లారెడ్డి వకీళ్లకు నేను వేసిన మార్కులు గుర్తొచ్చాయి.

మాది నాగిరెడ్డిపేట దగ్గర పల్లె. బాపు (మా నాన్న) పోయాక పొలం అవ్వే, అంటే మా అమ్మే, చూసుకునేది. ఆ ఏడు పక్క పొలం ఆయన, మా మడికి నీళ్లొచ్చే పిల్లకాలువ తన భూమిలోదంటూ దాన్ని మూసేందుకు ఎల్లారెడ్డి కోర్టులో కేసు వేశాడు. పన్నెండో రోజున వాయిదా. ఆ రోజు మా తరఫున ఎవరూ నిలబడకపోతే కాలువ పోతుంది. కాలువ పోతే వరి నాటు లేదు. "మంచి వకీలును సూడు బిడ్డా, జల్ది సూడు" అంది అవ్వ. 'మంచి' అన్నది డైరీలో రాసుకున్నాను. తొందరపెట్టిన ఆ 'జల్ది' రాసుకోలేదు.

ఐదు రోజులు కామారెడ్డి కోర్టు వరండాలో, ఐదు రోజులు ఎల్లారెడ్డిలో కూర్చున్నాను. ఎవరి గొంతు ఎంత దూరం వినిపిస్తోంది, ఎవరి కోటు ఎంత వెలిసిపోయింది, అన్నీ రాశాను. (హైకోర్టు నుంచి తనిఖీకి వచ్చాననుకుని ఒక బంట్రోతు నాకు కుర్చీ కూడా వేశాడు. కాదని చెప్పలేదు.) అన్నిటికంటే ఎక్కువ మార్కులు సాయంత్రాలు వకీలు ఇంటి ముందు లెక్కపెట్టిన చెప్పుల జతలకు. మా వైపు అందరూ అలాగే చూసేవారు: ఎన్ని జతలుంటే అంత పెద్ద వకీలు. పై వరుసలన్నీ కామారెడ్డికే దక్కాయి. అట్టడుగున ఎల్లారెడ్డి ముసలి వకీలు. ఆయన గుమ్మం ముందు ఒకటే జత, అదీ ఆయనదే.

పదకొండో రోజున మొదటి మార్కు వకీలు దగ్గరికి చెప్పులన్నీ దాటుకుంటూ వెళ్లాను. "రేపేనా? ఇన్నొద్దులు ఏం జేసినవయ్యా?" అన్నాడు. మిమ్మల్నే పరీక్షిస్తున్నానని ఎలా చెప్పను? రెండో వకీలు, మూడో వకీలు కూడా ఖాళీ లేదన్నారు.

మర్నాడు కోర్టు ముందు అవ్వ అడిగింది, "మన వకీలు ఏడున్నడు బిడ్డా?" నేను డైరీని చంకలో దాచుకున్నాను. అటుగా పోతున్న ముసలి వకీలు ఆగి, "ఏందమ్మా, గట్ల నిలవడ్డవ్?" అన్నాడు. అవ్వ నాలుగు మాటల్లో చెప్పింది. ఆయన అక్కడే వకాలతు కాగితం మీద వేలిముద్ర వేయించుకుని లోపలికెళ్లి, పిలుపు వచ్చినప్పుడు మా తరఫున నిలబడ్డాడు. బయటికొచ్చి పక్క పొలం ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ మడికి నీళ్లు ఏడికెల్లొస్తయే?"

"పైనోళ్ల పొలంలకెల్లి."

"రేపు ఆల్లు గూడ నీ లెక్కనే కోర్టుకు పోతే ఏం జేస్తవ్?"

పక్క పొలం ఆయన తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. మధ్యాహ్నానికి ఇద్దరి వకీళ్లూ కూర్చుని రాజీ కాగితం రాశారు. కాలువ నిలిచింది.

దాచుకోలేక ఆ ముసలాయనకు నా పట్టిక చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో ఒక్కో వరుసా దిగుతూ అడుక్కి వచ్చి తన పేరు చదువుకున్నాడు. "చెప్పులు ఒక జత. లెక్క సరిగ్గనే రాసినవ్" అన్నాడు. "పని అయిపోయినంక జనం మళ్ల మళ్ల ఎందుకొస్తరు బిడ్డా?" అని డైరీ నా చేతిలో పెట్టి, అవ్వను బస్సు దాకా సాగనంపాడు.

ఇప్పుడు నాకు ఆయన వయసు వచ్చింది. ఆ వరండాలో గడులు గీసిన కుర్రవాణ్ణి తలచుకుంటే తిట్టబుద్ధి కాదు, నవ్వే వస్తుంది. ఆయనే కోప్పడలేదు, ఇక తిట్టడానికి నేనెవరిని?