దొరసాని పరుపు

మిషనక్క దగ్గరికి బట్టలు బాగుచేయించుకోవడానికి వచ్చేవాళ్లు ముందు కథ మొదలుపెడతారు. చంక దగ్గర పట్టేస్తోందని ఒకరు, నడుం దగ్గర జారిపోతోందని ఒకరు, అసలు కొలతలే సరిగ్గా తీసుకోలేదని ఇంకొకరు. అక్క అన్నిటికీ ఊఁ కొడుతుంది గాని ఒక్క ముక్క చెవిలో వేసుకోదు. బట్ట అందుకుని తిరగేస్తుంది. లోపలి కుట్టును ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్లతో తడుముతుంది. ఎక్కడో ఒకచోట వేలు ఆగుతుంది. "ఇదిగో, ఇక్కడ" అంటుంది. ఇరవై రెండేళ్లుగా ఆ వీధిలో అందరి బట్టలూ అలా తిరగబడుతూనే ఉన్నాయి. ఆమె అసలు పేరు బ్యాంకు పుస్తకంలో ఉంది. వీధికి మాత్రం మిషనక్కే.

మిషను ముందుగదిలో కిటికీ కింద ఉంటుంది. దాని కాలి దగ్గర ఒక పాత బిస్కెట్ల డబ్బా. కత్తిరించిన దారం ముక్క ప్రతిదీ అందులో పడాల్సిందే. నేలమీద ఒక్క పోగు కనబడినా అక్కకు ఆ పూట అన్నం సహించదు. డబ్బా నిండగానే చెత్తబండికి ఇచ్చేస్తుంది. ఇంత చిన్న డబ్బా గురించి ఇంత చెప్పడం ఎందుకంటే, ముందు ముందు దానితో పని ఉంది.

పెరడు మాత్రం అత్తగారి రాజ్యం. ఆమెకు డెబ్బై ఆరేళ్లు. కోపం ముక్కుమీదే ఉంటుంది. పొరపాటు చేశానని ఆమె నోటివెంట విన్నవాళ్లు ఆ వీధిలో లేరు. ఆమె కొడుకైన లారీ డ్రైవరు కూడా వినలేదట. పెరట్లో ఒక జామచెట్టు, నీళ్లతొట్టి, బట్టలారేసే తీగ, ఐదు కోళ్లు. అందులో నాలుగు ఉత్త కోళ్లు. ఐదోది దొరసాని. పిల్లగా ఉన్నప్పుడు గద్ద ఎత్తుకుపోతూ జారవిడిచింది. అత్తగారు వారం రోజులు ఒళ్లో పెట్టుకుని బతికించుకుంది. అప్పటి నుంచి దాని ఎడమకాలు కాస్త ఎత్తి పడుతుంది. ఆ నడక చూసే దానికా పేరు పెట్టింది. ఆ కాలు ఇంకా నొప్పి పెడుతూనే ఉందని అత్తగారి నమ్మకం. ఎవరు కాదన్నా ఒప్పుకోదు.

ఆమె అన్నానికి కూర్చుంటే చాలు, దొరసాని గడప దగ్గరికి వచ్చి నిలబడుతుంది. మొదటి ముద్ద దానిది, రెండోది ఆమెది. నాలుగేళ్లుగా అదే వరస.

ఆ సోమవారం మధ్యాహ్నం దొరసాని గడప దగ్గరికి రాలేదు. జామచెట్టు కింద మెడ లోపలికి లాక్కుని, తోక వాల్చేసి, కళ్లు సగం మూసుకుని నిలబడింది. నూకలు చల్లితే మిగతా నాలుగూ దాని కాళ్ల కిందవి కూడా ఏరుకు తిన్నాయి. అది ముక్కు కదపలేదు.

అత్తగారు గోడవైపు చూసింది. గోడకు అవతల రిటైరైన పోస్టుమాస్టరు గారి ఇల్లు. నోట్లో నాలుక లేని మనిషి. ముప్ఫై ఒక్క పూలకుండీలు ఆయన సంసారం. ముందురోజు ఆయన ఆ కుండీలన్నిటిలో తెల్లటి పొడి ఏదో చల్లడం అత్తగారు కళ్లారా చూసింది. కోళ్లు ఆ గోడ దూకి అవతలికి వెళ్లడమూ రోజూ ఉన్నదే. ఇంకేం కావాలి?

"ఏమయ్యా పోస్టుమాస్టరూ! ఆ కుండీల్లో ఏం కలిపావయ్యా?"

"ఎముకల పొడి అండీ, పెద్దమ్మగారూ. ఎరువు..."

"ఎముకల పొడా! ఇవాళ నా కోడిని చంపావు, రేపు నా ఎముకలు కూడా పొడి కొట్టి చల్లుకుంటావా?"

వీధిలో కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అత్తగారు పావుగంట ఆగకుండా దులిపేసింది. పోస్టుమాస్టరు గారు "అయ్యో, అది కాదండీ" అని నాలుగుసార్లు అన్నారు. నాలుగుసార్లూ మాట పూర్తి కాలేదు. సాయంత్రానికి ఆయన కుండీలన్నిటినీ రెండేసి చొప్పున వరండాలోంచి ఇంట్లోకి మోసుకుపోయారు. మిషను ముందు కూర్చున్న అక్కకు అదంతా కనబడుతూనే ఉంది. తల కొట్టేసినట్టయింది.

అంతకంటే పెద్ద గొడవ రాత్రి భోజనాల దగ్గర మొదలైంది. అత్తగారు కంచం పక్కకు నెట్టింది.

"అది తిన్నాకే నేను తింటాను."

"మాత్ర వేసుకోవాలి కదత్తయ్యా! ఖాళీ కడుపున వేసుకోకూడదు."

"అయితే మాత్రా వద్దు."

షుగరు మాత్ర అది. పోయిన ఏడాది ఒక పూట తినకుండా ఉన్నందుకే ఆమె నీళ్లతొట్టి దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. అక్క బతిమాలింది, కోప్పడింది, ఫోన్లో మొగుడి చేత చెప్పించింది. ఎవరి పప్పులూ ఉడకలేదు. ఇక ఇంట్లో లెక్క తేలిపోయింది. కోడి ముద్ద మింగితేనే మనిషి ముద్ద మింగుతుంది. 

బ్యాండు మేళం వాళ్లకు గురువారానికి పన్నెండు కోట్లు ఇవ్వాలి. నారింజరంగు కోట్లు, భుజాలమీద తెల్ల పట్టీలు. అక్క వాటిని మడిచి పక్కన పెట్టేసి, దొరసానిని ఒళ్లోకి తీసుకుంది.

పోస్టుమాస్టరు పొడి అని అత్తగారు, ఎండ దెబ్బ అని ఫోన్లో మొగుడు, దిష్టి అని ఎదురింటావిడ. అక్క అందరికీ ఊఁ కొట్టింది. తర్వాత తన పని తను మొదలుపెట్టింది. రెక్కలు ఎత్తి చూసింది, పేలు లేవు. పొట్ట కింద మెల్లగా నొక్కి చూసింది, గుడ్డేమీ అడ్డం పడలేదు. ఛాతీ ఎముక మీదుగా పైకి వస్తూ ఉంటే, మెడ కింద కుడివైపు వేలు ఆగింది. నిమ్మకాయంత ముద్ద.

"ఇదిగో, ఇక్కడ."

అత్తగారు ముఖం చిట్లించింది. "అది మేతసంచి అమ్మాయ్. తిన్నదంతా ముందు అక్కడే చేరుతుంది. ప్రతి కోడికీ ఉంటుంది. కుట్లంటే నీకు తెలుసుగాని కోళ్లంటే ఏం తెలుసు?"

మాట నిజమే. గూట్లో ముడుచుకున్న మిగతా నాలుగింటినీ అక్క తడిమి చూసింది. అన్నిటికీ ఆ సంచి నిండుగానే ఉంది. కానీ జాకెట్టుకు ఒక చెయ్యి సరిగ్గా కుదరకపోతే రెండో చెయ్యి పక్కన పెట్టి చూడటం ఆమెకు అలవాటు. తెల్లారగానే, గూడు తలుపు తీయకముందే, నాలుగింటినీ మళ్లీ తడిమింది. రాత్రికి రాత్రే అన్నిటి సంచులూ అరిగి, చదునుగా అయిపోయాయి. దొరసానిది మాత్రం అలాగే ఉంది. పైగా గట్టిగా ఉంది.

"అత్తయ్యా, నిన్న పొద్దుటి నుంచి ఒక్క గింజ ముట్టని కోడికి మేతసంచి నిండుగా ఎందుకుంది?"

అత్తగారు నోరు తెరిచి, మళ్లీ మూసేసింది. అలా జరగడం అక్క మొదటిసారి చూసింది.

బట్టలు ఇచ్చిరావడానికి వాడే పెద్ద సంచిలో దొరసానిని కూర్చోబెట్టి, అక్క పశువుల ఆసుపత్రికి బయల్దేరింది. అక్కడ ఆమె ముందు రెండు మేకలు, ఒక కుక్క, పొదుగు వాచిన ఒక ఆవు. వరస వచ్చేసరికి పదయింది. డాక్టరమ్మ చిన్నపిల్లే, ఈ మధ్యే ఉద్యోగంలో చేరినట్టుంది. అక్క చూపించిన చోట తడిమి, కోడి నోరు తెరిచి టార్చి వేసింది. నాలుక కింద నారింజరంగు పోగు ఒకటి కనబడింది.

అక్క చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది.

"లాగకండి! లోపల ఎక్కడికక్కడ చుట్టుకుని ఉంటుంది. కోసి తియ్యాలి. చిన్న కోతే లెండి."

మత్తుసూది వేసి, ఈకలు తప్పించి, డాక్టరమ్మ వేలెడు గాటు పెట్టింది. పటకారుతో మెల్లగా పైకి తీసింది. వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. చివరికి ట్రేలో పడింది, నిమ్మకాయంత దారపు ఉండ.

 ఆ ఉండను అక్క కళ్లు వద్దన్నా చదివేస్తున్నాయి. నారింజ, బ్యాండు కోట్లది. నీలం, స్కూలు నిక్కర్లది. చిలకపచ్చ, మొన్న గురువారం ఎదురింటావిడకు ఇచ్చిన జాకెట్టుది. ప్రతి పోగూ తన చేత్తో కత్తిరించినదే.

"మీ ఇంట్లో ఎవరైనా కుట్టుపని చేస్తారా?" అంది డాక్టరమ్మ.

"నేనే" అంది అక్క, నేరం ఒప్పుకుంటున్నట్టు.

డాక్టరమ్మ కుట్టడం మొదలుపెట్టింది. ముందు లోపలి సంచికి, తర్వాత పై తోలుకు. అక్క చూస్తూ ఊరుకోలేకపోయింది.

"లైనింగుకు వేరే, పై గుడ్డకు వేరే. అంతే కదా డాక్టరమ్మా?"

"అంతే."

"ఆ మూడో కుట్టు కాస్త దూరమైందేమో..."

డాక్టరమ్మ తలెత్తి చూసింది. నవ్వి, రెండోదానికీ మూడోదానికీ మధ్యలో ఇంకొకటి వేసింది. నానబెట్టిన మెత్తని మేత సాయంత్రం నుంచి కొద్దికొద్దిగా పెట్టమని, వారం రోజులు వేరే గూట్లో ఉంచమని చెప్పి పంపింది.

దారి పొడుగునా అక్కకు ఒకటే ఆలోచన. పోయిన గురువారం డబ్బా నిండుగా ఉంది. శుక్రవారం చూస్తే ఖాళీ. శనివారం లారీ ఎక్కేదాకా ఇంట్లోనే ఉన్నాడు కదా, మొగుడే చెత్తబండికి ఇచ్చి ఉంటాడని సరిపెట్టుకుంది. ఇచ్చి ఉంటే ఈ పచ్చదారం కోడి కడుపులోకి ఎలా వచ్చింది?

అత్తగారు గేటు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో ఏమో, పెదవులు ఎండిపోయాయి. దొరసానిని చూడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఒళ్లోకి తీసుకుని మెట్టుమీదే కూలబడింది.

"ఏం మింగిందిటే?"

"చెబుతానత్తయ్యా. ముందు గూడు కడిగి వస్తాను."

గూట్లో దొరసాని పడుకునే బుట్ట ఉంది. అక్క పైన గడ్డి తీసింది. కింద దారాలు. రెండు వేళ్ల మందాన, రంగురంగుల దారం ముక్కలు పరిచి, చేత్తో తట్టి తట్టి మెత్తగా చేసి, అంచులు లోపలికి మడిచి ఉన్నాయి. కోడి తన నొప్పికాలు వాల్చే ఎడమవైపు మాత్రం ఇంకొంచెం ఎత్తుగా ఉంది.

అక్క ఆ బుట్ట ముందు అలాగే కూర్చుండిపోయింది. నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. డబ్బా ఖాళీ చేసిన చెయ్యి ఎవరిదో తెలిసిపోయింది. ఈ మాట తెలిస్తే ఆ ముసలిప్రాణం ఏమైపోతుందో! దారాలన్నీ కొంగులో పోసుకుని, దొడ్డిదారిన లోపలికి వెళ్లి, బిస్కెట్ల డబ్బాలో కుక్కి మూత పెట్టింది. బుట్టలో కొత్త గడ్డి వేసింది. తర్వాత ముందుకొచ్చి చెప్పింది.

"దారం ముక్కలు మింగిందత్తయ్యా. నేనే చూసుకోకుండా పెరట్లోకి ఊడ్చేసినట్టున్నాను. తప్పు నాదే."

తిట్ల కోసం సిద్ధంగా నిలబడింది. అత్తగారు తిట్టలేదు.  కాసేపటికి లేచి పెరట్లోకి వెళ్లింది, బుట్ట దగ్గర నిలబడి మళ్లీ వచ్చింది.

అయిదు గంటలకు దొరసాని చెంచాడు నానిన మేత తింది. ఆగి, ఇంకో చెంచాడు తింది. మూడో చెంచాకు అత్తగారి చేతినే పొడిచింది. అప్పుడు అత్తగారు కంచం అడిగింది. ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, మాత్ర వేసుకుని, గ్లాసెడు నీళ్లు తాగింది. 

ఇక మిగిలింది గోడ అవతల పని. అక్క గోడ దగ్గరికి వెళ్లి మెల్లగా పిలిచింది. పోస్టుమాస్టరు గారు భయం భయంగా బయటికొచ్చారు.

"మీ పొడి వల్ల కాదండీ. దారం మింగింది. పెరట్లోకి ఊడ్చింది నేనే. మా అత్తయ్యకు తెలియక మిమ్మల్ని అన్నన్ని మాటలు..."

"పోనీలే అమ్మా. కోడి బతికింది, అంతే చాలు."

"ఏమయ్యా పోస్టుమాస్టరూ!"

వెనక నుంచి వచ్చింది ఆ కేక. నిన్నటి గొంతే, నిన్నటంత గట్టిగానే. పోస్టుమాస్టరు గారు ఒక అడుగు వెనక్కి వేశారు. వీధిలో కిటికీలు మళ్లీ ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అత్తగారు దొరసానిని చంకలో పెట్టుకుని గోడ దాకా వచ్చింది.

"దీని మాట నమ్మకు! నేలమీద పోగు కనబడితే అన్నం సహించని మనిషి పెరట్లోకి ఊడ్చిందంటే నమ్మడానికి నేనేమైనా పిచ్చిదాన్నా? దొరసాని కాలికి మెత్తగా ఉంటుందని దారాల పరుపు వేసింది నేను. బుట్టలో పరుపు మాయం చేసి నన్ను కాపాడుతున్నాననుకుంటోంది ఇది."

"అత్తయ్యా, మెల్లగా. అందరూ వింటున్నారు."

"విననీ! తిట్టినప్పుడు విన్నారుగా, ఇదీ వినాలి. పొరపాటు నాది. విన్నావా పోస్టుమాస్టరూ? నాది. ఇక ఆ కుండీలు బయట పెట్టు. నిన్నటి నుంచి గోడ అవతల బోసిగా ఉంది, చూడలేకపోతున్నాను."

 పోస్టుమాస్టరు గారు "అలాగేనండీ, అలాగే" అంటూ లోపలికి వెళ్లి ఒక కుండీ పట్టుకొచ్చారు. అత్తగారు కోడిని అక్క చేతుల్లో పెట్టి, చెంగు నడుముకు దోపుకుని, గేటు తీసుకుని అవతలికి నడిచింది.

"ఎక్కడికత్తయ్యా?"

"ఆయనొక్కడే ముప్ఫై ఒక్కటి మొయ్యాలా? నువ్వెళ్లి ఆ కోట్లు కుట్టుకో. డబ్బా మూత గట్టిగా పెట్టు."