విశ్రాంతి స్థితిలో నెమలి

హిందూపురంలో ఒక చిన్న కంపెనీ ఉండేది. పట్టుచీరల మగ్గాల మీద బిగించే ఎలక్ట్రానిక్ పెట్టెలు అమ్మేది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న డిజైన్‌ను ఆ పెట్టె చీర మీదికి తెస్తుంది. దాన్ని ఎలా వాడాలో, మొరాయిస్తే ఏం చేయాలో రాసి వెబ్‌సైట్లో పెట్టడం నా ఉద్యోగం. రాయడం ఎంతసేపు! ఏ పేజీ మెనూలో ఎక్కడ ఉండాలో తేల్చడమే మహాయజ్ఞం. దానికి మా యజమాని సారే పురోహితుడు.

"మగ్గం ఆగిపోతే ఏం చేయాలి" అన్న పేజీని అన్నిటికన్నా పైన పెట్టాను. నడుస్తున్న మగ్గం దిగి సైటు చదివే తీరిక ఎవరికుంటుంది? ఆగినప్పుడే కదా ఫోన్ తీసేది! సార్ చూసి చెవులు మూసుకున్నంత పని చేశారు.

"ఏమప్పా, శుభమా అని సైటు తెరిస్తే మొదటి మాటే ఆగిపోవడమా? కొనేవాడు అపశకునం అనుకోడా?"

ఇంకేముంది, పైన "శుభారంభం" వెలిసింది. అందులో పసుపు కుంకుమ పెట్టిన పెట్టె, పక్కన సార్ చిరునవ్వు. దాని కింద "మా ప్రస్థానం", ఆ కింద "మా విలువలు". ఆగిపోవడాలు, తెగిపోవడాలు, చెడిపోవడాలు అన్నిటినీ "ఇతరములు"లోకి, అక్కణ్ణించి "మరికొన్ని"లోకి నెట్టాం. పేర్లు కూడా మార్పించారు. ఆగిపోవడం కాస్తా "విశ్రాంతి స్థితి" అయింది. మగ్గం పాపం అలసిపోయి కునుకు తీస్తుందన్నమాట! సైటులో ఎవరైనా "ఆగింది" అని వెతికితే ఏమీ దొరకలేదని వచ్చేది. ఆ చెడ్డమాట మా సైటులో ఎక్కడా లేదు మరి.

అంతలో సార్ కూతురికి పెళ్ళి కుదిరింది. ముహూర్తం చీర ధర్మవరంలో మా చిన్నమ్మ చేత నేయిద్దామన్నాను. ఆమె మగ్గానికి ఉన్నదీ మా పెట్టే. తను నేసిన చీరతో ఒక పిల్ల పీటల మీద కూర్చుంటుందని చిన్నమ్మ మురిసిపోయింది. కానీ పెళ్ళివాళ్ళు అంచు రంగు మార్చీ మార్చీ, మొదలుపెట్టేసరికే ఆలస్యమైంది.

పెళ్ళి ముందు రోజు పొద్దున నేను పెనుకొండలో సార్ ఇంటి గుమ్మానికి మామిడాకులు కడుతున్నాను. చిన్నమ్మ ఫోన్ చేసింది.

"ఏం రా, పెట్టెలో ఎర్ర లైటు మిణుకుతాండాది. కొంగులో నెమలి మెడకాడ నిలిచిపాయ. ఈడ పోగు తప్పితే మెడ తెగినట్టే కనపడతాది. పెండ్లికూతురికి అట్లాంటి చీర యా మొగం పెట్టుకోని ఇస్తును? మీ సైటులో యాడ చూసేది?"

నేను నోరు తెరిచేలోపే సార్ ఫోన్ లాక్కుని స్పీకర్ పెట్టారు. "అన్నీ ఉండాయి తల్లీ, నేను చూసి చెప్తా" అని తన ఫోన్లో సైటు తెరిచారు. శుభారంభం తెరిచారు. ప్రస్థానం దాటారు. విలువల్లో మూడు విలువలు గట్టిగా చదివి వినిపించారు కూడా.

"విలువలు సరే సార్," అంది చిన్నమ్మ, "నెమలి సంగతేంది?"

సార్ మళ్ళీ శుభారంభం తెరిచారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద జాలి కూడా వేసింది, అబద్ధమెందుకు. ఆయన ఫోన్ తీసుకుని ఇతరములు, మరికొన్ని దాటి విశ్రాంతి స్థితిని తట్టి లేపాను. పెన్‌డ్రైవ్ పీకొద్దని, డిజైన్‌ను చివరిగా నేసిన పోగు దగ్గరికి వెనక్కి తిప్పమని చదివి చెప్పాను. కాసేపటికి ఫోన్లో మగ్గం చప్పుడు మళ్ళీ వినిపించింది. సార్ అక్కడే అరుగు మీద కూలబడ్డారు.

మర్నాడు చీర తీసుకుని చిన్నమ్మే పెనుకొండ వచ్చింది. పిల్ల పీటల మీద కూర్చుంటే నెమలి మెడ నిండుగా కనిపించింది. వెనక కుర్చీలో చిన్నమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. సార్‌కు మనసు నిండిపోయినట్టుంది, మేళం హోరులో నా దగ్గరికొచ్చి అరిచారు.

"ఆ పేజీ పైన పెట్టప్పా!"

"ఏ పేరుతో సార్?"

సరిగ్గా అప్పుడే తాళి మంత్రం కోసం మేళం నిలిపారు. సార్ గొంతు మాత్రం నిలవలేదు.

"ఆగిపోయింది అనే పెట్టు!"

మండపమంతా ఇటు తిరిగింది. తాళి చేతిలో పట్టుకున్న పెళ్ళికొడుకు బిక్కమొహం వేశాడు. వాళ్ళ అవ్వ లేచి నిలబడింది.

"ఏమప్పా, ఏం ఆగిపోయిండేది?"

సార్ దిక్కుతోచక నా వైపు చూశారు. నేను ఆయన చెవిలో వినయంగా అందించాను.

"విశ్రాంతి స్థితి అనండి సార్."