తేదీలమ్మ కాగితాలు

పొద్దున్నే క్యాలెండరు కాగితం చింపడం ఆ ఇంట్లో అక్కగారి పని. పాలు పొంగేలోపు స్నానం ముగించి, జడ వేసుకుని గోడ దగ్గరికి వచ్చి, ఆ రోజు కాగితాన్ని సర్రున చింపి సంచిలో పెట్టుకుని ఉద్యోగానికి వెళ్ళిపోయేది. నిన్నటిది కాదు, ఇవాళ్టిది. దాంతో ఆ ఇంటి గోడ మీద ఎప్పుడు చూసినా రేపే ఉండేది. ఆ గోడను నమ్మి చెల్లెలి మొగుడు ఒకసారి పంటి డాక్టరు దగ్గరికి ఒకరోజు ముందే వెళ్ళి, దవడ పట్టుకుని తిరిగొచ్చాడు.

"మీ అక్కయ్యకి అంత తొందరైతే కాలాన్నే వెళ్ళి తోయమను, గోడనెందుకు తోయడం?" అన్నాడు.

అక్క పోయి మూడు నెలలైంది. ఇప్పుడు చింపేది చెల్లెలు. అందరిలాగే నిన్నటిది చింపుతుంది. గోడ మీద సరైన తేదీ ఉంటోంది. అది చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండుతుంది.

అక్క కాలేజీ లైబ్రరీలో కంప్యూటర్ల గది చూసుకునేది. ఇరవై రెండేళ్ళు అదే కుర్చీ. అక్కడి పిల్లలు పెట్టిన పేరు తేదీలమ్మ. దగ్గు మందు సీసా మూత తీస్తే సీసా మీద తేదీ రాసేది. సబ్బు విప్పితే రేపర్ మీద రాసేది. చివరికి కొత్త చీపురు కర్రకు కూడా తేదీ వేసింది.

"చీపురుకి పుట్టినరోజు చేస్తావుటే?" అని చెల్లెలు విసుక్కుంటే, "ఎన్నాళ్ళు వచ్చిందో తెలియొద్దూ? లేకపోతే నువ్వు కొట్టువాణ్ణి ఊరికే తిడతావు" అనేది.

చెల్లెలు అయిదో తరగతితో ఆగింది. ఆమె కూతురు మాత్రం పరిశోధన దాకా వెళ్ళింది. తెల్లవారకముందే ఆఫీసులు ఊడ్చి తుడవడానికి వెళ్ళే ఆడవాళ్ళు, వాళ్ళు ఎక్కే బస్సులు, ఆ బస్సుల వేళలు: ఇదీ అమ్మాయి రాసుకుంటున్న సంగతి. బస్సుల వేళలన్నీ ఇంటర్నెట్టులోనే ఉంటాయి. అందుకని రెండేళ్ళు పెద్దమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇద్దరూ కలిసి ఒక పేజీ తెరిచి చదివాక, పెద్దమ్మ ఆ రోజు క్యాలెండరు కాగితం తిప్పి వెనక రాసేది. పేజీ పేరేమిటి, రాసిందెవరు, ఎవరి సైటు, వాళ్ళెప్పుడు పెట్టారు, అడ్రసు, మనం చూసిన టైము. తేదీ మాత్రం రాసేది కాదు. కాగితం ముందువైపు అచ్చులో అంత పెద్దది ఉండగా మళ్ళీ రాయడమెందుకు? సాయంత్రం ఇంటికొచ్చి వంటింటి గుమ్మం పక్కన వేలాడే తీగకు ఆ కాగితం గుచ్చేది.

"ఇంత బాధెందుకు? అడ్రసు ఉందిగా" అని ఒకసారి చెల్లెలు అడిగింది.

"అడ్రసు పట్టుకుని వెళ్తే ఇల్లు దొరుకుతుందే. ఇంట్లోవాళ్ళు ఖాళీ చేసి, వేరేవాళ్ళు దిగి ఉంటే? మనం వెళ్ళినరోజు అక్కడ ఎవరున్నారో, అది ఏ రోజో రాసిపెట్టుకోవాలి. లేకపోతే అబద్ధమాడినట్టు ఉంటుంది."

అక్క పోయిన వారానికి అమ్మాయి ఆ తీగ దించి, కాగితాలన్నింటినీ ఫోనులో ఫోటోలు తీసుకుని, "అయిపోయిందమ్మా, ఇక నీ ఇష్టం" అంది. పారేయడానికి తల్లికి చేతులు రాలేదు. గుమ్మం పక్కన ఆ తీగను రోజూ చూడటమూ చేతకాలేదు. గాజు పళ్ళేల సెట్టు ఒకటి అలమారా పైఅరలో ఉంది. గీతలు పడకుండా పళ్ళేనికీ పళ్ళేనికీ మధ్య మూడేసి నాలుగేసి కాగితాలు పెట్టి సర్దేసింది.

మంగళవారం మధ్యాహ్నం అమ్మాయి వచ్చి తన పరిశోధన ఫైలు కుర్చీలో పడేసింది.

"మళ్ళీ తిప్పి పంపారు."

"మూడోసారా?" తల్లి చేతిలో గరిటె అలాగే ఉంది. "ఈసారి ఏం కావాలట ఆవిడకి? మొన్న కామాలు, అంతకుముందు చుక్కలు."

"ఈసారి నిజంగానే తప్పు. మా గైడు మేడం ఆ బస్సుల పేజీ తెరిచి చూసిందట. నువ్వు రాసిన బస్సు ఇక్కడ లేదే అంది."

"లేకపోవడమేమిటి?"

"వేళలు మార్చేశారమ్మా. అదే పేజీ, అదే అడ్రసు, లోపల సరుకు వేరు. నేను తెల్లారి అయిదూ నలభై బస్సు అని రాశాను. ఇప్పుడందులో ఆరూ ఇరవై అని ఉంది. ఫలానా నెల ఒకటో తేదీ నుంచి మార్చామని కింద రాశారు. మనం చూసింది అంతకు ముందేనని తేదీ వేసి చూపించకపోతే, ఇదంతా కూర్చుని కల్పించాననుకుంటారట. శుక్రవారం సాయంత్రం లోపు ఇవ్వాలి. లేకపోతే ఇంకో ఏడాది ఆగాలి."

"ఆ తేదీలేవో వేసి ఇవ్వవే. ఫోటోలు తీశావుగా."

అమ్మాయి ఫోను తీసి ఫోటోలు ముందుకీ వెనక్కీ జరిపింది.

"తీశావా లేదా?"

"వెనకవైపు తీశాను. ముందువైపు ఏముంటుంది, క్యాలెండరేగా అనుకున్నాను."

తల్లి గరిటె గిన్నెలో పెట్టింది. ఒక మాట అనబోయి మింగింది. మరో మాట అనబోయి అదీ మింగింది. చివరికి మింగుడు పడనిది ఒకటి బయటికి వచ్చింది. "పదిహేడేళ్ళు చదివించాను నిన్ను. కాగితానికి రెండు వైపులుంటాయని చెప్పలేదుటే ఎవరూ?"

ఆమె స్టూలు ఎక్కి పళ్ళేలు ఒక్కొక్కటే దించింది. అమ్మాయి అందుకుని నేల మీద పేర్చింది. మధ్యలో కాగితాలు తీసి, తల్లి ముందువైపు తేదీ చదివితే, అమ్మాయి వెనక చూసి ఏ పేజీదో పోల్చుకుని రాసుకుంది. అన్నానికి వచ్చిన తండ్రి గుమ్మంలోనే ఆగిపోయాడు. కాలు పెట్టే చోటు లేదు.

"ఇంట్లో ఇన్ని పళ్ళేలున్నాయి, అన్నం తినడానికి ఒకటి దొరుకుతుందా?"

"ఆ మూల స్టీలుది ఉంది. అడుగు చూసుకుని వెయ్యండి. ఒక్కటి పగిలినా మీ వదినే వచ్చి తేదీ రాస్తుంది" అంది ఆమె. అంటూనే తర్వాతి కాగితం తిప్పింది.

మూడు గంటలకు పని తేలింది. పుస్తకం చివర వేసే జాబితాలో చూసిన పేజీలు ఎనభై ఒకటి ఉండాలి. ఎనభై దొరికాయి. లేనిది ఏదా అని చూస్తే అయిదూ నలభై బస్సే. ఒక అధ్యాయం మొత్తం ఆ బస్సు మీదే నడుస్తోంది. తల్లి పళ్ళేలన్నీ మళ్ళీ తిరగేసింది. అర మీద తడిమింది. స్టూలు కింద చూసింది.

"ఫోటోల్లోనూ లేదుగా? మరి నీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"నోటుపుస్తకంలో అడ్రసు రాసుకున్నాను. ఒట్టి అడ్రసు." అమ్మాయి గొంతు తగ్గింది. "పోనీలే అమ్మా. ఆ అధ్యాయం తీసేస్తాను."

"తీసేస్తావా? తెల్లారి నాలుగింటికి లేచి వెళ్ళి వాళ్ళతో మాట్లాడి వచ్చావు. ఆ బస్సులో నిలబడి ప్రయాణం చేశావు. తీసేస్తావా?"

"ఏం చెయ్యమంటావు? ఇవాళ్టి తేదీ వేస్తే ఇవాళ ఆ పేజీలో ఆ బస్సు లేదు. ఉత్తినే ఏదో ఒక పాత తేదీ వేస్తే..."

"వెయ్యకు" అంది తల్లి. కసురుతూనే అంది. అంతలో ఆమెకు లెక్క అందింది. తీగకు ఎక్కని కాగితం ఒక్కటే ఉంటుంది. పొద్దున చింపి సంచిలో పెట్టుకుని వెళ్ళి, సాయంత్రం ఇంటికి రాని రోజుది.

ఆ రోజు పన్నెండు కాకుండానే అక్క తన కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయింది. లైబ్రరీ అటెండరు తెచ్చి ఇచ్చిన సంచి తలుపు వెనక మేకుకి తగిలించి ఉంది. వాళ్ళ అన్నయ్య అడిగాడు, ఆయన భార్య అడిగింది, ఖాళీ చేసి ఎవరికైనా ఇచ్చెయ్యమని. చెల్లెలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తనూ ముట్టుకోలేదు.

"నీకు తెలుసు" అంది కూతురితో.

"ఆ పొద్దున పక్కనే ఉన్నాను. చూసి, రాసుకుని క్లాసుకి వెళ్ళిపోయాను." అమ్మాయి నేలకేసి చూస్తోంది. "నిన్ను ఎలా అడగను?"

"నోటితో అడగాలి. ఇద్దరికిద్దరూ నన్ను చంపుకు తింటున్నారు, ఉన్నదీ, పోయినదీ."

తలుపు వెనక్కి వెళ్ళి సంచి దించింది. జిప్పు సగంలో పట్టేసింది. అక్క బతికుండగానూ పట్టేసేది. మార్పించుకోమంటే వినేది కాదు. ఆమె లాగి తీసింది. దువ్వెన, కళ్ళజోడు పెట్టె, తలనొప్పి మాత్రల అట్ట, పక్క జేబులో రెండుగా మడిచిన కాగితం. ముందు ఆ రోజు తేదీ. వేళలు మారిన ఒకటో తేదీకి మూడు రోజుల ముందుది. వెనక పేజీ పేరు, సైటు పేరు, అడ్రసు, అన్నీ నిదానమైన గుండ్రటి అక్షరాల్లో. చూసిన టైము: పది గంటల యాభై.

అమ్మాయి పెన్ను ఎత్తి పట్టుకుంది. "ఈ తేదీయే వెయ్యాలా అమ్మా? పుస్తకంలో అచ్చవుతుంది. ఎప్పటికీ ఉంటుంది."

"చూసినరోజు అదే. అదే వెయ్యి. పది యాభైకి బాగానే ఉంది మీ పెద్దమ్మ. చూడు, ఒక్క గీత వణకలేదు."

అమ్మాయి రాసింది. ఎనభై ఒకటీ సరిపోయాయి. కళ్ళు తుడుచుకుని, తెరిచి ఉన్న సంచి వైపు చూసింది.

"ఎలాగూ తీశావుగా. ఖాళీ చేసి, ఆ జిప్పు బాగుచేయించనా?"

"నీ పని నువ్వు చూసుకో. శుక్రవారం ఎంతో దూరం లేదు."

ఆమె కాగితాన్ని ఉన్న మడతలోనే మడిచి, పక్క జేబులోనే పెట్టింది. దువ్వెన కదపలేదు. మాత్రల అట్ట కదపలేదు. సగందాకా వచ్చి మళ్ళీ పట్టేసిన జిప్పును అలాగే వదిలి, సంచిని తీసుకెళ్ళి తలుపు వెనక మేకుకి తగిలించింది.