తొంగి చూడని ప్రొఫెసర్

ప్రొఫెసర్‌గారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి: దేన్నైనా సరే, చూస్తే చెడిపోతుందని భయం.

ఉడుకుతున్న అన్నం మీద మూత తీయనివ్వరు. తీస్తే ఆవిరి పోతుంది, ఇక చూసేది ఇందాకటి అన్నం కాదంటారు. ఒకసారి భార్యకు జ్వరమొస్తే థర్మామీటరు పట్టుకుని పావుగంట ఆలోచించారు. చల్లటి గాజు ఒంట్లో వేడిని కొంత లాగేస్తుంది కదా, మరి అది చూపించే అంకె ఎవరి జ్వరం? ఈలోగా ఆవిడే లేచి, మాత్ర వేసుకుని, ఆయనకు కాఫీ కూడా కలిపి ఇచ్చింది.

క్లాసులోనూ అదే పాట. "కాంతి కణాన్ని గట్టిగా కొలిచావో, అది చెదురుతుంది. మెత్తగా కొలిచావో, లెక్క మసగ్గా వస్తుంది. అవ్వా కావాలి, బువ్వా కావాలంటే ఎలా?"

ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి పట్టుకున్నది సరిగ్గా ఆ బేరాన్నే. ఎంత మెత్తగా కొలిస్తే కణం ఎంత తక్కువ చెదురుతుందో తేల్చాలి. ఒక్కో కొలత మసకే కాబట్టి లక్షల కొలతల సగటు తీస్తేగాని గ్రాఫు రాదు. శుక్రవారం సాయంత్రం గదిని వేరే శాఖకు అప్పగించాలి. ఈలోగా రాకపోతే ఐదేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

పక్క ల్యాబుల్లో గురువులు శిష్యుల నెత్తినెక్కి కూర్చుంటారు. ఈయన తలుపుదాకా వచ్చి, తొంగైనా చూడకుండా వెళ్లిపోతారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆయన రాకపోతే మానె, గ్రాఫు తీయందే ఈ గది వదలనని పంతం పట్టింది. సోమవారం ప్రయోగం బల్ల మీది అద్దాలన్నీ తుడిచి, మళ్లీ వరసలో పెట్టి, మొదటి నుంచి కొలవడం మొదలెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం గ్రాఫు వచ్చింది. అంత శుభ్రంగా వస్తుందని ఆమే అనుకోలేదు. కాగితం పట్టుకుని మెట్ల మీద పరిగెత్తింది. మూడో అంతస్తులో ప్రొఫెసర్‌గారు మోకాళ్లు పట్టుకుని కూలబడి ఉన్నారు. వాచ్‌మన్ మంచినీళ్లు అందిస్తున్నాడు.

వారం నుంచీ పాడైన లిఫ్టును ఎవరూ పట్టించుకోరేమని ఆమె విసుక్కుంది.

"పాడైతే కదమ్మా," అన్నాడు వాచ్‌మన్. "అది కదిలితే మీ బల్ల అదురుతుందని సారే అందర్నీ బతిమాలి ఆపించారు."

ఆమె ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది. "నాకొక్క మాట చెప్పొచ్చు కదా సార్."

"చెప్తే నేను గమనిస్తున్నానని నీకు తెలిసిపోతుందమ్మా. చెయ్యి వణుకుతుంది. ఇంకేం కొలుస్తావు?"

చెయ్యి చాపి కాగితం తీసుకున్నారు. కళ్లజోడు తుడుచుకుని ఆ గ్రాఫును ఈ చివర నుంచి ఆ చివరకు మూడుసార్లు తేరిపార చూశారు. వెనక మెట్లెక్కుతున్న లెక్కల శాఖవాళ్లు దారిమ్మని అడుగుతున్నా కదల్లేదు.