ఈరణ్ణ వదిలేసిన ప్రశ్న

ఈరణ్ణ కుంబారది గదగ్ దగ్గర పల్లె. ఇరవై ఏళ్ల కిందట బెంగళూరు వచ్చి, ఆఫీసుల్లో నిచ్చెనెక్కి కేబుళ్లు లాగే పనిలో చేరాడు. తను లాగే తీగల్లో ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న దురద పట్టుకుంది. ఆ దురదే ఆయన్ని నెట్‌వర్క్ ఇంజనీరును చేసి, నలభై మూడో ఏట మూడోసారి ఆ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన సర్టిఫికెట్ పరీక్ష గదిలో కూర్చోబెట్టింది.

పరీక్ష ఎనిమిది గంటలు. మొదటి మూడు గంటలూ ఒక కంపెనీకి నెట్‌వర్క్ ఎలా ఉండాలో తేల్చి జవాబులివ్వాలి. ఒకటి ముగించి ముందుకెళితే వెనక్కి రావడం కుదరదు. మిగతా ఐదు గంటలూ దాన్ని కట్టి, నడిపి చూపాలి; ఇందులో మాత్రం వెనక్కెళ్లి సరిదిద్దుకోవచ్చు. రెండు భాగాల్లోనూ విడివిడిగా కనీస మార్కులు రావాలి, మొత్తం మీదా ఒక గీత దాటాలి. సగం పనికి సగం మార్కులుండవు. పది షరతుల్లో ఒక్కటి తప్పినా ఆ ప్రశ్నకు సున్నాయే. క్రితంసారి ఈరణ్ణ రెండు భాగాలూ గట్టెక్కి, మొత్తంలో పోయాడు.

ఈసారి యాభై నిమిషాలు మిగిలాయి. ఒకే ప్రశ్న ఉంది, పెద్దది. మొదలుపెట్టబోయి, ఎందుకో పొద్దున చేసిన మొదటి పనిని మళ్లీ పరీక్షించాడు. కంపెనీ రెండు బ్రాంచీల నెట్‌వర్కుల మధ్య పలుకే లేదు. పొద్దున చక్కగా నడిచింది.

పర్యవేక్షకురాలు ప్రమీలా శెట్టి దగ్గరికొచ్చి వంగింది. "సార్, మీ కాలు కాస్త ఆపుతారా? పక్కాయన బల్ల ఊగుతోందంటున్నారు."

"తప్పయింది మేడమ్. ఒక్కమాట, పొద్దున నడిచింది ఇప్పుడు చెడితే మార్కులెలా వేస్తారు?"

"మీరు లేచి వెళ్లాక ఎలా ఉంటే అలాగే చూస్తాం. పొద్దున సంగతి మాకు తెలీదు సార్."

ఈరణ్ణ లెక్క వేసుకున్నాడు. పెద్ద ప్రశ్న చేస్తే దాని మార్కులు రావచ్చు, రాకపోవచ్చు. వెనకవి పాడైతే వచ్చినవీ పోతాయి. దాన్ని వదిలేశాడు. అక్కర్లేని రాకపోకల్ని ఆపడానికి మధ్యాహ్నం తను రాసిన నిబంధనల అడ్డుకట్టలో ఒక్క వరుస దారి మూసేసిందని కనిపెట్టడానికి పావుగంట పట్టింది. దాన్ని సరిచేసి, మిగతావన్నీ ఒక్కొక్కటే తడిమి చూశాడు. ఇంకో రెండు కూడా మూగబోయి ఉన్నాయి. వాటినీ నిలబెట్టేసరికి పరీక్ష సమయం అయిపోయింది. పెద్ద ప్రశ్న ముట్టుకోకుండానే ఉండిపోయింది.

ఫలితం రెండు రోజుల్లో మెయిల్లో వస్తుందన్నారు. మర్నాడు ఈరణ్ణ ఇంట్లో ఒకచోట కూర్చోలేదు. బాల్కనీకీ వంటింటికీ మధ్య తిరుగుతూ వేళ్లమీద మార్కులు కలుపుకుంటూ ఉన్నాడు. పెనం మీద జొన్నరొట్టె తిప్పుతున్న భార్య కస్తూరి విసుక్కుంది. "ఏవండీ, ఆ లెక్క ఇప్పటికి ఎన్నిసార్లు కట్టారు?"

"కట్టిన ప్రతిసారీ వేరేగా వస్తోందే."

"మరింక కట్టకండి. కూర్చుని తినండి."

రెండో ముద్ద నోట్లో పెట్టుకోగానే ఫోన్ మోగింది. ఎంగిలి చేత్తోనే మెయిల్ తెరిచాడు. పాసయ్యాడు. కిందికి జరిపి చూశాడు, పైకి జరిపాడు. ఇంకేం లేదు. తప్పిన రెండుసార్లూ ఏ విభాగంలో నూటికి ఎంతో పంపారు. పాసైతే అంకెలివ్వరట.

"ఏమైందండీ?"

"పాసయ్యాను."

"ఆ మొహమేంటి మరి?"

"ఆ ప్రశ్న వదిలెయ్యడం మంచిదైందో, వదలకపోయినా గట్టెక్కేవాణ్ణో, తెలిసే దారే లేదు కస్తూరీ."

కస్తూరి ఆయన్ని ఎగాదిగా చూసి, ముందు కంచంలో ఇంత వంకాయ కూర వడ్డించింది. తర్వాత తన తమ్ముడికి ఫోన్ కలిపి, "మీ బావ పాసయ్యారు. లేదులే, సంతోషంగా లేరు. సాయంత్రానికి సర్దుకుంటారు" అంది.

ఈరణ్ణ సర్దుకోలేదు. ఆ ఆదివారం తెల్లకాగితం తీసుకుని, వదిలేసిన ప్రశ్నను జ్ఞాపకం ఉన్నంతవరకూ గీసి, మొదటినుంచీ చేయడం మొదలుపెట్టాడు.